పాటిగడ్డ మీద పీజీ



మా ఊరి చెరువు కట్టకు అవతల ఒక దిబ్బ ఉండేది. పెద్ద ఎత్తేమీ కాదు, మనిషి నడుమంత. మేం దాన్ని పాటిగడ్డ అనేవాళ్లం. ఎండలు ముదిరి పొలాల్లో పని తగ్గగానే మా తాత ఎడ్లబండి కట్టి, ఆ గడ్డ మీది మన్ను తవ్వి మిరపచేనుకు తోలేవాడు. పాటిమన్ను వేస్తే యూరియా అక్కర్లేదని ఆయన లెక్క. బండి మీద మట్టికుప్పపై కూర్చుని వచ్చే భాగ్యం నాది. మట్టిలో తేలిన చిల్లపెంకులు ఏరి దారిపొడుగునా కాకుల మీదికి విసురుతుండేవాణ్ణి. ఎర్రవి కొన్ని, నల్లవి కొన్ని, కొన్నయితే లోపల నలుపు, బయట ఎరుపు. ఎన్ని విసిరి ఉంటానో లెక్క లేదు.

పదిహేనేళ్ల తర్వాత ఎమ్మే మొదటి సంవత్సరం క్లాసులో మా సారు తెర మీద ఒక బొమ్మ చూపించారు. సగం కోసిన దిబ్బ, పక్కన ఎడ్లబండి. "తొలి చారిత్రక యుగపు ఊరు ఇలా పొలాల్లోకి ఎరువుగా వెళ్లిపోతుంది" అన్నారు. తల దించుకున్నాను. ఆ బొమ్మలోది మా ఊరు కాదు, బండి మా తాతదీ కాదు. అయినా ఆ బండి మీద కూర్చున్నది నేనేననిపించింది.

పాటిమన్నుకు ఆ సారం ఎక్కడిది? వందల ఏళ్లు ఒకేచోట మనుషులు కాపురం ఉంటే పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, కుళ్లిన గడ్డి, కూలిన గోడల మట్టి పొర మీద పొరగా పేరుకుంటాయి. అదే ఎరువు. పాటి అంటే పాడుపడిన పాత ఊరి చోటని మన రైతులకు ఎప్పటినుంచో తెలుసు. పురావస్తు శాస్త్రం చదివినవాడు కొత్తగా నేర్చుకునేదల్లా, ఆ మన్నును ఎరువుగా కాక సాక్ష్యంగా ఎలా చదవాలి అన్నది.

ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం అని ఒక పీజీ కోర్సు ఉందంటే గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో డిగ్రీ చదివే పిల్లలు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. విచిత్రమేమిటంటే ఆ పిల్లలు కూర్చునేదే చరిత్ర లోపల. గద్వాలలో డిగ్రీ కళాశాల నడిచేది కోటలోనే, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. కోట గోడ నీడలో సైకిలు పెట్టి లోపలికి వెళ్లి అక్బరు గురించి చదువుకుని, మళ్లీ అదే గోడ పక్కనుంచి ఇంటికి వస్తారు. ఆ గోడ గురించి పరీక్షలో ప్రశ్న రాదు కదా!

చరిత్ర ఎమ్మేకీ దీనికీ తేడా ఏమిటని అడుగుతుంటారు. చరిత్ర విద్యార్థికి ముందుగా కావలసింది రాత: శాసనమో, ఫర్మానో, ఉత్తరమో. పురావస్తు విద్యార్థికి రాత ఉంటే సంతోషం, లేకున్నా పని ఆగదు. అతనికి కావలసింది వస్తువు. వస్తువు కంటే ముందు అది దొరికిన చోటు. ఈ రెండో మాట మాకు బోధపడటానికి ఒక సెమిస్టర్ పట్టింది.

తవ్వకంలో మొదటిరోజు మా చేతికి గునపం ఇస్తారనుకున్నాం. తాపీ ఇచ్చారు. మేస్త్రీలు సిమెంటు పూసే తాపీ లాంటిదే, కాస్త చిన్నది. దాంతో పాటు ఒక కుంచె, దారపు ఉండ, మేకులు. చతురస్రంగా దారాలు కట్టి, గడుల మధ్య మట్టిగోడ వదిలి, వేళ్లతో తడిమినంత మెల్లగా మట్టి గీకుతూ దిగాలి. 1940ల్లో మార్టిమర్ వీలర్ అరికమేడులో, తర్వాత బ్రహ్మగిరిలో చేసి చూపించిన గడుల పద్ధతి ఇది. గుంట పక్కగోడను శుభ్రం చేస్తే మట్టి పొరలు కనపడతాయి. పైది కొత్తది, కిందది పాతది. వినడానికి ఇంత తేలిక. మూడోరోజు మా గడిలో నాలుగడుగుల లోతున గుట్కా పొట్లం దొరికింది. అందరూ నవ్వారు. మా సారు నవ్వలేదు. "ఎలా వచ్చింది?" అన్నారు. అరగంట వెతికితే ఎలుక బొరియ తేలింది. వదులుమట్టి, రంగులో రవ్వంత తేడా. "గుట్కా పొట్లం కాబట్టి పట్టుకున్నారు. అదే బొరియలోంచి పాత నాణెం జారి ఉంటే ఈ పొరకు తప్పుడు తేదీ వేసి పుస్తకం అచ్చు వేసేవాళ్లం" అన్నారాయన. ఆ గుట్కా కంపెనీకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

సాయంత్రాలు కుండపెంకులు కడగడం. బంగారం దొరుకుతుందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, మాకు దొరికేది గోనెసంచులకొద్దీ పెంకులు. అంచు ముక్కలు ఒకవైపు, అడుగు ముక్కలు ఒకవైపు, మిగతావి ఒకవైపు. మీద నంబరు రాయాలి, గీయాలి. నేను చిన్నప్పుడు కాకుల మీదికి విసిరిన లోపల నలుపు, బయట ఎరుపు పెంకుల సంగతి అప్పుడు తెలిసింది. ఇనుప యుగపు సమాధుల్లో, తొలి ఊళ్లలో దక్కన్ అంతటా దొరికే రకం అది. కుండను ఆవంలో బోర్లించి కాలిస్తే గాలి ఆడని లోపలిభాగం, అంచు నల్లబడతాయి, గాలి తగిలిన బయటిభాగం ఎర్రగా తేలుతుంది. ఆ ఊరి వయసు నా చేతుల్లోనే ఉండేది, నేనే విసిరేశాను.

ఇక మన నేల సంగతికి వస్తాను. ఎమ్మే సిలబస్‌లో నవీన శిలాయుగం పాఠం తెరిస్తే మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో ఉట్నూరు అని కనిపిస్తుంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, మన పాత పాలమూరు జిల్లాలోది. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే ఇంగ్లీషు పండితుడు అక్కడ ఒక బూడిద దిబ్బను తవ్వాడు. ఆ నివేదికను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1961లో అచ్చు వేసింది. కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలోనూ, దాటి రాయచూరు, బళ్లారి వైపూ ఇలాంటి బూడిద దిబ్బలు చాలా ఉన్నాయి. ఇవి ఏమిటన్నదానిపై నూరేళ్లకు పైగా వాదం నడిచింది. అగ్నిపర్వతపు బూడిద అన్నవాళ్లున్నారు, ఇనుము కరిగించిన కొలిమి అన్నవాళ్లున్నారు. భీముడు చంపిన రాక్షసుడి చితి అని జనం చెప్పుకున్నారు. ఆల్చిన్‌కు ఏం దొరికిందో తెలుసా? ఆవుల గిట్టల అచ్చులు. చుట్టూ దొడ్డి కంచె నాటిన గుంతలు, అందులో తాటి మొద్దులు పాతిన ఆనవాళ్లు. అంటే అది పశువుల దొడ్డి. ఏళ్ల తరబడి పేరుకున్న పేడకు నిప్పు పెట్టారు, మళ్లీ దొడ్డి కట్టారు, మళ్లీ కాల్చారు. బొగ్గులో మిగిలిన కార్బన్ లెక్క కట్టి చూస్తే నాలుగువేల ఏళ్లకు పైమాటే.

ఆ లెక్క ఎలాగో ఒక్క ముక్కలో చెబుతాను. బతికున్న ప్రతి చెట్టులో, జంతువులో కొద్దిపాటి రేడియో కార్బన్ ఉంటుంది. చనిపోయాక కొత్తది చేరదు, ఉన్నది తరుగుతూ పోతుంది. 5730 ఏళ్లకు సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. దీన్ని కనిపెట్టిన లిబ్బీకి 1960లో నోబెల్ ఇచ్చారు. నడిగడ్డ పశువుల పేడ తేదీ తేలింది ఆయన పుణ్యమే.

కానీ కథ అక్కడితో ఆగలేదు. పేడ ఎందుకు కాల్చారు? రోగం వచ్చినప్పుడా, పండుగకా, ఊరు మారేటప్పుడా? ఆల్చిన్, పశువులను మంట మీదుగా తోలే మన ఆచారాలతో పోల్చి చూశాడు. మన తెలుగువాడే, పుణె దక్కన్ కాలేజీలో పనిచేసిన కాట్రగడ్డ పద్దయ్యగారు కర్ణాటకలోని బూదిహాళ్‌లో ఏళ్ల తరబడి తవ్వి, ఇవి ఊరికి దూరంగా కట్టిన దొడ్లు మాత్రమే కాదు, పక్కనే జనం కాపురమున్న పల్లెలని చూపించారు. ఎమ్మేలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ జగడం. ఒకే బూడిద, ఇద్దరు పండితులు, ఇద్దరి చేతిలోనూ ఆధారం. అమ్రాబాద్ అడవి అంచున పొడ తూర్పు పశువులు కాచే లంబాడీ పెద్దలను అడిగితే, దొడ్డిలో పేడ ఎన్నాళ్లకు ఎంత పేరుకుంటుందో వాళ్లు కచ్చితంగా చెప్పగలరు. ఏ పండితుడి కంటే తక్కువ కాదు ఆ లెక్క. మీలో ఎవరైనా ఎమ్మేలో చేరి ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటుంటే, ఇదిగో, ఊరికే ఇస్తున్నాను.

కృష్ణ ఒడ్డునే, ఇప్పటి నారాయణపేట జిల్లా ముడుమాలలో పొలాల మధ్య నిలువురాళ్లు ఉన్నాయి. పెద్దవే ఎనభై దాకా. కొన్ని రెండు మనుషుల ఎత్తు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆచార్యులు కె.పి. రావుగారు ఏళ్లపాటు వాటి వెంట తిరిగి, ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలమని గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఆ రాళ్లు ఎక్కాయి. అంతకు ముందు అవి ఎవరికీ పట్టలేదనుకోకండి. ఊరివాళ్లు ఒక రాయిని ఎల్లమ్మగా మొక్కుతున్నారు. ఆ మొక్కే ఆ రాయిని ఇన్నాళ్లు కాపాడింది. మొక్కని రాళ్లు కొన్ని గట్లకూ గోడలకూ వెళ్లిపోయాయి.

శాసనాల మాట చెప్పకుండా పాలమూరు గురించి మాట్లాడితే సురవరం ప్రతాపరెడ్డిగారు క్షమించరు. ఆయన 1896లో గద్వాల సంస్థానంలోని బోరవెల్లిలో పుట్టారు, సొంతూరు ఇటికాలపాడు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినందుకు 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆయనకే, అప్పటికి ఆయన లేరు. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని అడిగిన పుస్తకం అది. ఇవాళ పురావస్తు శాఖలు అడిగే ప్రశ్నలూ అవే, కాకపోతే ఆయన కావ్యాల్లో వెతికారు, వీళ్లు కుండ అడుగున మాడిన గింజల్లో వెతుకుతారు. ఈ మధ్యే హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

అలంపురంలో మరొక పెద్దాయన ఉండేవారు, గడియారం రామకృష్ణశర్మగారు. అలంపురం చుట్టుపక్కల రాళ్లన్నీ చదివిన మనిషి. తెలంగాణ శాసనాల రెండో సంపుటి ఆయన కూర్చినదే. ఆయన ఆత్మకథ శతపత్రముకు 2007లో అకాడమీ పురస్కారం వచ్చింది, ఆయన పోయిన మరుసటి సంవత్సరం. మన జిల్లావాళ్లకు పురస్కారాలు ఎందుకో ఆలస్యంగా అందుతాయి.

శాసనం ప్రతి తీయడం ఎమ్మేలో అందరికీ ఇష్టమైన పని. రాయిని నీళ్లతో కడిగి, తడి కాగితం పరిచి, బిరుసు కుంచెతో కొట్టి అక్షరాల గాడిలోకి కాగితాన్ని దిగేలా చేసి, పైన నల్లసిరా అద్దాలి. అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా తేలతాయి. బూదపురం శాసనపు అచ్చు మొదటిసారి చూసినప్పుడు మా బెంచీలో అమ్మాయిలు లేచి నిలబడ్డారు. 1276 నాటిది. వేయించినది కుప్పాంబిక, గోన బుద్ధారెడ్డి కూతురు. తెలుగులో తొలి కవయిత్రిగా ఆమెను లెక్కిస్తారు. ఆ గోనవారి రాజధాని వర్ధమానపురం, అంటే నాగర్‌కర్నూల్ దగ్గరి మన నందివడ్డెమానే. శనివారం అక్కడికి తైలాభిషేకానికి వెళ్లే జనంలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

ఇక ఉద్యోగాల మాట. అడగక ముందే చెబుతాను, లేకపోతే మీ ఇంట్లోవాళ్లు రేడియో కట్టేస్తారు. ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రాల శాఖ ఉంది, సీపీగెట్ ప్రవేశపరీక్ష రాసి చేరవచ్చు. డిగ్రీలో చరిత్ర లేనివాళ్లకు కూడా చాలాచోట్ల దారి ఉంటుంది, ఆ ఏటి ప్రకటన చూసుకోండి. పుణె దక్కన్ కాలేజీ ఈ చదువుకు పేరున్న చోటు. ఎమ్మే తర్వాత గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు సర్వే సంస్థ నడిపే రెండేళ్ల డిప్లొమా ఉంది, సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. యూజీసీ నెట్‌లో పురావస్తు శాస్త్రం విడిగా ఒక సబ్జెక్టు. మ్యూజియాలు, మైసూరులోని శాసన విభాగం, రాష్ట్ర వారసత్వ శాఖ, అధ్యాపక పోస్టులు ఉన్నాయి. కానీ పోస్టులు తక్కువ, ప్రకటనలు అరుదు. నాతో చదివినవాళ్లలో ఒకడు గ్రూప్ టూ కొట్టి తహసీల్ ఆఫీసులో ఉన్నాడు. తన మండలంలో జేసీబీ ఏ దిబ్బ దగ్గరికి వెళ్లినా నాకు ఫోను చేస్తాడు. అదీ ఉద్యోగమే అంటాను నేను.

జేసీబీ అంటే గుర్తొచ్చింది. ఘనపురం కోటలో, పానగల్లు కోటలో, అడవిలో పాడుపడ్డ గుళ్లలో అమావాస్య రాత్రుళ్లు గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లున్నారు. లంకెబిందెలు దొరకవు, నంది మెడ విరుగుతుంది. నేలలో పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. పది రూపాయలు! ఆ అంకె ఇంకా మారలేదు. నంది కింద ఏదో ఉందని తవ్వేవాడికి, నందే నిధి అని చెప్పి ఒప్పించడం ఎమ్మే చదివినా నాకు చేతకాలేదు.

చివరగా అలంపురం. చౌరస్తాలో బస్సు దిగి ఆటో ఎక్కితే బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు. 7, 8 శతాబ్దాలవి. పేరుకు బ్రహ్మలు, లోపల అందరూ శివుళ్లే. బాల, అర్క, కుమార, గరుడ, పద్మ అని వాటి పేర్లు రససిద్ధుడి మందుమొక్కల పేర్లని స్థలపురాణం. ఎనిమిదింటికి ఉత్తరాది తరహా శిఖరం, తారకబ్రహ్మకు మాత్రం దక్షిణాది తరహా. ఇవన్నీ వాటి చోట అవి ఉన్నాయి. వాటికి కొంత దూరంలో ఉన్న సంగమేశ్వరాలయం అలా కాదు. అది కూడవెల్లిది. కృష్ణలో తుంగభద్ర కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో ఊళ్లకు ఊళ్లే మునుగుతాయన్నప్పుడు, పురావస్తు శాఖవాళ్లు ఆ గుడి రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. పాపనాశి ఆలయాలు, నాగర్‌కర్నూల్ వైపు జటప్రోలు, సోమశిల గుళ్లు కూడా అలాగే గట్టెక్కాయి. గొప్ప పని, సందేహం లేదు. తెలుగు విశ్వవిద్యాలయం తన చరిత్ర, పురావస్తు శాఖను నెలకొల్పింది కూడా శ్రీశైలంలోనే, ఆ ఊళ్లను ముంచిన డ్యాము పక్కనే. నీళ్లలో ఏం పోయిందో నీళ్ల ఒడ్డున కూర్చుని చదువుకోవడమన్నమాట.

మొన్న వేసవిలో విద్యార్థులను తీసుకుని ఆ సంగమేశ్వరాలయానికి వెళ్లాను. గోడ బొమ్మల గురించి చెబుతున్నాను. అరుగు మీద తెల్లపంచెలో ఒక పెద్దాయన అంతా విని, "సార్, గుడి వచ్చింది. మా ఊరు రాలే" అన్నాడు. కూడవెల్లి వాస్తవ్యుడట, మునిగేనాటికి పడుచువాడు. గుడికి మెట్లు ఎటు ఉండేవి, పడవ ఎక్కడ కట్టేవాళ్లు, తిరునాళ్ల దుకాణాలు ఏ వరసలో పడేవి, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. గుడి రాళ్లకైతే నంబర్లు పడ్డాయి, వీటికి ఎవరు వేస్తారు? పిల్లల్ని నోటుబుక్కు తెరవమన్నాను. ఆయన చెబుతుంటే ఒకమ్మాయి నేలపటం గీయసాగింది, నది, రేవు, గుడి, మధ్యలో చింతచెట్టు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని కాగితం మీదికి వంగాడు.

"చింతచెట్టు అక్కడ కాదు బిడ్డా, ఇంకా ఇటు. రేవుకు దగ్గర."

ఆ అమ్మాయి రబ్బరు తీసి చెరిపి మళ్లీ గీసింది.